పావుగంటలో స్టేజీ: నెల్లూరు రాక్ బ్యాండు పని డైరీ

లక్ష్యం

నలుగురు మనుషులు. రెండు గిటార్లు, ఒక బేసు (లావు స్వరాల గిటారు), ఒక డ్రమ్ సెట్టు. గిటార్ వాయించే ఒకరే పాడతారు, మిగతావాళ్లలో ఇద్దరు కోరస్ అందుకుంటారు. లేబుల్ లేదు, మేనేజర్ లేడు, సొంత సౌండ్ ఇంజనీరూ లేడు. సామాను మొత్తం ఒక్క టాటా ఏస్‌లో పట్టాలి.

ఈ పక్క దొరికే స్టేజీలు: గూడూరు నుంచి ఒంగోలు దాకా హైవే పొడుగునా ఉన్న కాలేజీల ఫెస్టులు, వినాయక చవితి పందిళ్లు, డిసెంబరు 31 రాత్రి హోటళ్లు, అడపాదడపా రిసెప్షన్లు. అన్నిచోట్లా మైకుసెట్టు ఆర్కెస్ట్రా కోసం కట్టి ఉంటుంది. డాన్సులకీ సన్మానానికీ మధ్య మనకో అరగంట. అందులో ఇరవై నిమిషాలు వైర్లకే పోతే మిగిలేది రెండు పాటలు. కాబట్టి పెట్టుకున్న గురి ఇది: బండి దిగిన సామాను స్టేజీ ఎక్కిన క్షణం నుంచి మొదటి పాట దాకా 15 నిమిషాలు. మొదటిసారి గదిలోనే గడియారం పెట్టి చూస్తే 41 పట్టింది.

ఒక చిన్న సంగతి. ఫోన్లో ఉత్త "బ్యాండు" అంటే ఇక్కడ బ్యాండుమేళం అనుకుంటారు. ఊరేగింపుకి ఎంతమంది వస్తారు, డ్రస్సు మీదేనా అని అడుగుతారు. "గిటార్లు, డ్రమ్సు, స్టేజీ ప్రోగ్రాం" అని మొదటి ముక్కలోనే చెప్పేయాలి.

1వ వారం: గది

మిద్దె మీద గది. 10 అడుగుల వెడల్పు, 12 పొడవు, 10 ఎత్తు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని కనిపించిన ప్రతివాళ్లూ చెబుతారు. వద్దు. సింబల్స్ (డ్రమ్ సెట్టులోని లోహపు పళ్లేలు) గరగరను కాస్త మింగుతాయేమో గానీ, పక్కింటికి పోయే బేసుని ఆ పల్చటి అట్ట పిసరంత కూడా ఆపదు. పైగా నిప్పంటుకుంటే భగ్గుమంటుంది. పాత దూదిపరుపులు నాలుగు, గోడకి రెండంగుళాలు ఎడంగా వేలాడదీస్తే అంతకంటే చాలా మేలు. తలుపు సందులకు రబ్బరు బీడింగు.

అసలు తలనొప్పి బేసు. 32 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. 10 అడుగులంటే 3.05 మీటర్లు. దాన్ని రెట్టింపు చేసి 350ని దానితో భాగిస్తే 57 హెర్ట్జ్, అంటే సెకనుకు 57 కంపనాలు. ఎదురెదురు గోడల మధ్య ఇరుక్కుని మోగే స్వరం అది. 12 అడుగుల వైపు 48 వస్తుంది. బేసు మీద జీ స్వరం 49, ఏ షార్ప్ 58. ఆ రెండూ నొక్కితే కిటికీ అద్దాలు మాట్లాడతాయి, మధ్యలో ఉన్న జీ షార్ప్ నీరసంగా ఉంటుంది. ఎత్తు, వెడల్పు సమానం కావడంతో 57 దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా పడుతోంది. ఇలాంటి గదిలో నెల రోజులు సాధన చేస్తే, చేతికి తెలియకుండానే ఆ రెండు స్వరాలు మెల్లగా మీటడం అలవాటవుతుంది. ఆరుబయట స్టేజీ ఎక్కాక అవే వినపడకుండా పోతాయి. చేసిన మార్పు: బేసు యాంప్‌ని (శబ్దం పెంచే స్పీకరు పెట్టె) మూలలోంచి లాగి గోడకి అర మీటరు ముందుకు పెట్టాం, దాని మీద "లో" అని ఉన్న, లావు స్వరాల నాబ్ సగానికి దించి, 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య భాగాన్ని పెంచాం. మోత తగ్గింది. ఏ స్వరమో ఇప్పుడు తెలుస్తోంది.

2వ వారం: వైర్లు

కావలసినవి: గిటార్ కేబుళ్లు 6 (మూడు వాడకానికి, మూడు అదనం), మైకు కేబుళ్లు 14, పెడళ్ల (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెలు) మధ్య చిన్న ముక్కలు 12. వైరూ కనెక్టర్లూ చెన్నై రిచీ స్ట్రీట్‌లో విడిగా కొని ఇంట్లో టంకం పెట్టుకుంటే చవకే గాక, తెగినచోట మళ్లీ అతికించడం చేతనవుతుంది. స్టేజీ మీద పనికొచ్చేది ఈ రెండోదే.

మైకు కేబుల్లో 1వ పిన్ను షీల్డు (చుట్టూ కప్పే జాలీ), 2 హాట్, 3 కోల్డ్ (సిగ్నల్ మోసే రెండు తీగలు). 2, 3 తారుమారైనా మైకు పలుకుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ స్నేర్‌కి (అడుగున సన్న తీగలుండే డ్రమ్ము) ఒక మైకు, దాని నెత్తిన ఇంకో మైకు ఉన్నప్పుడు ఒకటి తిరగబడిన కేబుల్‌తో ఉంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్ రేకు డబ్బాలా మోగుతుంది. ఆ రోజు అందరూ ఈక్యూ (లావు, సన్న స్వరాలను విడిగా పెంచి తగ్గించే నాబ్‌లు) తిప్పుతారు, కేబుల్ని అనుమానించరు. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి మూడు పిన్నులూ చూడటం, చూస్తూ కొసలు వంచడం, ప్రతి ప్రోగ్రాం ముందురోజు పని.

టంకం మెరుస్తూ ఉండాలి. మసకగా, ముద్దలా నిలబడితే పట్టనట్టే. రెండు నెలల్లో ఊడుతుంది, అదీ పాట మధ్యలో. 25 వాట్ల ఐరన్ చాలు, అయితే కనెక్టర్‌ని మూడు సెకన్ల కంటే ఎక్కువ కాలిస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి పిన్ను వంగుతుంది. ముందే వైరుకీ, పిన్ను గుంటకీ విడివిడిగా టంకం పూసి ఉంచుకుంటే ఒక్క తాకిడితో అయిపోతుంది.

గిటార్ కేబుల్ 6 మీటర్లు దాటనివ్వం. మామూలు కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుత్తును కాస్త దాచుకునే గుణం) ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ గిటార్ పదును పోయి, దుప్పటి కప్పినట్టవుతుంది. దూరం కావాలంటే పెడళ్ల దగ్గర ఒక బఫర్ (సిగ్నల్ బలం నిలబెట్టే చిన్న సర్క్యూట్) పెట్టాలి.

కొసలకి రంగు టేపు: గొంతుకి ఎరుపు, గిటార్లకి పసుపు, డ్రమ్స్‌కి నీలం, బేసుకి తెలుపు. చీకట్లో సెల్ లైటు వేసి వెతికే పని తప్పింది. ఈ ఒక్క టేపుకే 41 నిమిషాల్లో ఆరు కలిసొచ్చాయి. కేబుల్ని మోచేతికి చుట్టే అలవాటు మాన్పించడానికి మాత్రం వారం పట్టింది. ఒక చుట్టు పైకి, ఒక చుట్టు లోపలికి వెయ్యాలి. అలా చుడితే విసిరినప్పుడు మెలిక పడదు.

3వ వారం: కరెంటు

ఇది నేర్చుకోకుండా స్టేజీ ఎక్కకూడదు. గిటార్ తీగలు యాంప్ ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ ద్వారా. యాంప్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుని, ఆ రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఉంటే, చేతిలో తీగలూ మూతి మీద మైకూ ఉన్న మనిషి వాటి మధ్య వైరు అవుతాడు. మూతికి చురుక్కుమంటే అదృష్టం. ఎర్త్ అసలే లేని జనరేటర్ మీద చురుక్కుతో ఆగకపోవచ్చు.

బోర్డులో ఏదీ గుచ్చకముందు మల్టీమీటర్‌తో మూడు కొలతలు. ఫేజు, న్యూట్రల్ మధ్య 230కి అటూ ఇటూ. ఫేజు, ఎర్త్ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. అక్కడ 30, 40 చూపిస్తే ఎర్త్ కట్టలేదు, లేదా న్యూట్రల్ ఎక్కడో వదులుగా ఉంది. డిజిటల్ మీటరు ఎర్త్ తెగి ఉన్నా ఒక్కోసారి దొంగ వోల్టేజీ చూపిస్తుంది. అందుకని అక్కడి ఎలక్ట్రీషియన్ చేత ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టించి చూడాలి. నిండుగా వెలిగితే ఎర్త్ ఉంది. వెలగకుండా ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే ఆపేసే స్విచ్చి) ట్రిప్ అయితే ఎర్త్‌కి దారి ఉందని మాత్రమే తెలుస్తుంది, అది బాగుందని కాదు. గుడ్డిగా వెలిగినా, ట్రిప్ కాకుండా అసలు వెలగకపోయినా సామాను దించకూడదు.

అంతకంటే ఘోరం న్యూట్రల్ ఊడటం. షామియానా స్టేజీలకి మూడు ఫేజుల కరెంటు వస్తుంది. ఒక ఫేజు మీద పార్ లైట్లు (స్టేజీ లైట్లు) కిలోవాట్లకి కిలోవాట్లు వేస్తారు, మన యాంప్‌లు ఇంకో ఫేజు మీద ఉంటాయి. న్యూట్రల్ తెగితే ఆ రెండు లోడ్లూ 415 వోల్టుల మధ్య వరసలో పడతాయి. తక్కువ లోడు ఉన్న వైపుకి ఎక్కువ వోల్టేజీ తోసుకొస్తుంది. లైట్లు డిమ్మయ్యి, మన యాంప్ కాలిపోతుంది. కాబట్టి మన బోర్డుకి ముందు హై-లో కటాఫ్ ఒకటి తప్పనిసరి: 180 కింద, 260 పైన ఆపేసేలా. దాని పక్కనే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. రెండూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించాం. నాలుగు సాకెట్లు, ఒక 16 యాంపుల ప్లగ్గు, 30 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల వైరు.

ఆ సైజు ఎందుకంటే: మన మొత్తం వాడకం 1000 వాట్లు దాటదు, అంటే నాలుగున్నర యాంపులు. 2.5 రాగి తీగకి కిలోమీటరుకు 7.4 ఓములు. పోను రాను 60 మీటర్లకి 0.44. నాలుగున్నర యాంపులకి రెండు వోల్టులు పోతాయి, లెక్కలోకి రాదు. అదే 0.75 సైజు వైరైతే ఆరేడు వోల్టులు పోతాయి. చుట్ట విప్పకుండా వాడితే లోపల వేడెక్కి ఇన్సులేషన్ మెత్తబడుతుంది. కొలత కన్నా పెద్ద ముప్పు ఇదే, ఏ వైరైనా పూర్తిగా విప్పి పరచాలి.

హమ్ (స్పీకర్లలో గుయ్యిమనే రొద) వస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హమ్ పోతుంది, రక్షణా పోతుంది. మన యాంప్‌లకీ మిక్సర్‌కీ ఒకే ఫేజు నుంచి, వీలైతే ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే సగం హమ్ అక్కడే చస్తుంది. మిగతాది డీఐ బాక్సు (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే పోతుంది. అది సిగ్నల్ ఎర్త్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టదు. మైకు మీద స్పాంజి టోపీ తొడగడం అన్నిటికన్నా చవకైన బీమా.

పెడళ్లు: 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. ఒకే అడాప్టర్‌కి గొలుసు వైరు వేసి డిజిటల్ డిలే (స్వరాన్ని మళ్లీ మళ్లీ వినిపించేది), డిస్టార్షన్ (గిటార్‌ని గరగరలాడించేది) రెండూ కలిపితే కీచుమనే సన్నటి రొద వస్తుంది. విడివిడి అవుట్‌పుట్లున్న సప్లై కొన్నాక పోయింది.

4వ వారం: తివాచీ

రెండు మీటర్లకు రెండు మీటర్ల పాత తివాచీ. డ్రమ్స్ సరిగ్గా అమర్చి, ప్రతి కాలు కిందా తెల్ల పెయింటుతో గుండ్రాలు, పక్కన నంబరు. ముందు అంచున రెండంగుళాల చెక్క బద్ద బోల్టులతో బిగించాం, కిక్కు డ్రమ్ము (కాలి పెడల్‌తో కొట్టే పెద్దది) ముందుకు జారకుండా. ఖర్చు దాదాపు సున్నా, ఆదా ఎనిమిది నిమిషాలు. ఈ మొత్తం ప్రాజెక్టులో ఇంత లాభం ఇచ్చిన పని ఇంకోటి లేదు. హైహ్యాట్ క్లచ్చి, సింబల్ ఫెల్టులు, డ్రమ్ కీ మూడేసి అదనంగా ఒక మందుల డబ్బాలో. పోయేది ఎప్పుడూ ఇవే.

5వ వారం: మైకుసెట్టు అన్నతో పని

అద్దె మిక్సర్లో పన్నెండు ఛానళ్లు ఉంటే పది చాలు: కిక్కు, స్నేర్, పైన రెండు, బేసు డీఐ, గిటార్లు రెండు, గొంతులు మూడు. కిక్కు మైకూ, గిటార్ యాంప్‌ల ముందు పెట్టే షూర్ ఎస్‌ఎం57 మైకులు రెండూ మనవే తీసుకుపోవాలి. అక్కడ పాడే మైకులు దొరుకుతాయి గానీ, ఆర్కెస్ట్రాలు రిథమ్ ప్యాడ్ల మీద నడుస్తాయి కాబట్టి డ్రమ్ మైకులు ఆశించడం అన్యాయం.

ఇంగ్లిషు రైడర్ (స్టేజీ మీద ఏం కావాలో రాసిన జాబితా) పంపితే ఎవరూ చదవరు. ఒక పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలతో బొమ్మ గీసి వాట్సాప్‌లో పంపితే చదువుతారు. కుడి, ఎడమ అని రాయొద్దు. జనం వైపు నుంచా, స్టేజీ వైపు నుంచా అని గొడవ. "జనరేటర్ ఉన్న పక్క", "మెట్ల పక్క" అని ఫోన్లో అడిగి రాసుకుంటే తేడా రాదు.

ఇక ఎకో. మైకుసెట్టు వాళ్లకి ఎకో అంటే ప్రాణం.

"అన్నా, గొంతుకి ఎకో తీసెయ్."

"ఎకో లేకపోతే గొంతు ఎండిపోయినట్టుంటాది తమ్ముడా."

ఆయన చెప్పేదీ నిజమే. ఒంటరి గొంతుకి ఎకో అందం. కానీ డ్రమ్సు, రెండు డిస్టార్షన్ గిటార్ల మధ్య ఆ తోక ప్రతి మాటనీ తర్వాతి మాట మీదికి ఈడుస్తుంది. పూర్తిగా తీసెయ్యమని పట్టుబడితే ఆయనకి కోపం, మనకి నష్టం. "స్లో పాటకి పెట్టన్నా, స్పీడు పాటకి వద్దు, చెయ్యి ఊపుతా" అంటే ఒప్పుకుంటారు. ఒక సాధారణ రివర్బ్ (హాల్లో పాడినట్టుండే మోత) సెకనున్నర లోపు ఉంటే చాలు.

మానిటర్ (పాడేవాళ్ల వైపు తిప్పిన స్పీకరు): ఎస్‌ఎం58 కార్డియాయిడ్ మైకు, వెనక నుంచి వచ్చేది తక్కువ వింటుంది. మానిటర్ సరిగ్గా మైకు తోక ఎదురుగా ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ మైకు ఇస్తే దాని చెవిటి కోణం 125 డిగ్రీల దగ్గర, కాబట్టి మానిటర్‌ని పక్కకి జరపాలి. ఈ తేడా తెలియక ఒకే చోట పెట్టి కూత తెప్పించుకునేవాళ్లే ఎక్కువ. మైకు జాలీని పిడికిట్లో మూసి పాడితే ఏ మైకైనా కూస్తుంది. కూత రాకముందే, మానిటర్ మెల్లగా పెంచుతూ ఏ స్వరం ముందు మొదలవుతుందో చూసి గ్రాఫిక్ ఈక్యూలో ఆ ఒక్క కడ్డీని 3 నుంచి 6 డెసిబెల్స్ దించాలి. "హూ" అంటే 250 చుట్టూ, "కీ" అంటే రెండున్నర వేల చుట్టూ. నాలుగు కడ్డీలు దించినా ఆగకపోతే వాల్యూమే ఎక్కువ.

6వ వారం: తెలుగు మాట వినపడాలి

గది రికార్డింగు వింటే సంగీతం బాగానే ఉంది, మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కారణాలు రెండు.

మొదటిది, డిస్టార్షన్ గిటార్లు 2 వేల నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య నిండిపోతాయి. హల్లుల పదును ఉండేది అక్కడే. స, శ, ష కలిసిపోతాయి, త థ అవుతుంది, అచ్చులు మాత్రం మిగులుతాయి. రెండు గిటార్లకీ రెండున్నర వేల దగ్గర 4 డెసిబెల్స్ కోశాం, గెయిన్ నాబ్ మూడో వంతు తగ్గించాం. గదిలో గిటార్ కాస్త బోసిగా ఉంటుంది. స్టేజీ మీద అదే నిండుగా ఉంటుంది.

రెండోది ఛందస్సు. ఇంగ్లిషు పాటల నడకకి తెలుగు మాట అతికిస్తే లఘువు మీద తాళం దెబ్బ పడి అది గురువైపోతుంది. "సముద్రం" తీసుకోండి. ద్ర వల్ల ము గురువు, స లఘువు. స ని మొదటి దెబ్బ మీద పెట్టి లాగితే "సాముద్రం" అయి కూర్చుంటుంది. స ని దెబ్బకి ముందు చటుక్కున వదిలేసి, ము ని దెబ్బ మీద నిలబెట్టాలి. "మనసు" మూడూ లఘువులే, దాన్ని ఎక్కడ సాగదీసినా వికారం. కొసన ఉన్న ఉకారాన్ని సాగదీస్తే కొంత నయం. "పెన్న" అయితే పె మీద దెబ్బ తనంతట తనే పడుతుంది. రాసుకున్న ఐదు పాటలకీ గురులఘువులు గుర్తు పెట్టి, తాళం గీతల కింద పరిచి చూస్తే పదకొండు చోట్ల తప్పులు తేలాయి. తొమ్మిది చోట్ల మాట మార్చాం, రెండు చోట్ల బాణీ.

తెలుగు మాట అచ్చుతో ముగియడం రాక్‌కి వరం. పల్లవి చివర గట్టిగా అరిచి నిలపడానికి అచ్చే కావాలి. ఆ, ఓ లతో ముగిసే పల్లవులు జనం వెంటనే అందుకుంటారు, ఇకారంతో ముగిసేవి అందుకోరు. ఇంకోటి: మిశ్రచాపు, అంటే మూడూ నాలుగు కలిపి ఏడు, కష్టమనుకుని పక్కన పెట్టక్కర్లేదు. భజనల్లో చప్పట్లు వేసిన చెవులకి అది కొత్త కాదు.

7వ వారం: పాటల వరస

పూర్తి అరగంట వాయించే వీలుంటే ఆరు పాటలు. మూడు అందరికీ తెలిసిన పాటలు మన పద్ధతిలో, మూడు సొంతవి. మొదటిది తెలిసినదే, రెండోది సొంతది. సొంతవి వరసగా రెండు పెడితే కుర్చీలు కదులుతాయి. ట్యూనింగ్ మార్చాల్సిన పాట మూడో స్థానం, ఆ సమయంలో డ్రమ్సు, బేసు ఆగకుండా నడవాలి. స్టేజీ మీద మౌనం పది సెకన్లు దాటితే యాంకర్ వచ్చి మైకు అందుకుంటాడు.

గదిలో నిమిషానికి 120 దెబ్బలు ఉన్న పాట జనం ముందు 130 దాటుతోంది. డ్రమ్మర్ చెవిలో మాత్రం క్లిక్ (వేగం చెప్పే టిక్కుటిక్కు) పెట్టాం.

సినిమా పాటలు బహిరంగంగా వాయిస్తే ఐపీఆర్‌ఎస్ (పాటల హక్కుల సంఘం) లైసెన్సు నిర్వాహకులు తీసుకోవాలి, ఒప్పందంలో ఆ మాట రాయించుకోవాలి. పెళ్లి వేడుకలకి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. మైకు పర్మిషన్ స్టేషన్ నుంచి వాళ్లే తేవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. పండగలకి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు గానీ ఏడాదిలో 15 రోజులే. ప్రోగ్రాములు ఇక్కడ ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి 9కి ఇచ్చిన సమయం అంటే ఒక్క పాట కూడా దక్కకపోవచ్చు. ఏడున్నరలోపు అడగాలి. అడ్వాన్సు సగం, డీజిల్ విడిగా.

9వ వారం: ఆరుబయట

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపొడ్డున ఒక్క సాయంత్రం వాయిస్తే చాలు, తీగలు మూడో రోజుకి గరుకుతేలుతాయి. దిగగానే పొడిగుడ్డతో తుడిచి, కేసులో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వెయ్యాలి. జాక్‌లకి కాంటాక్ట్ క్లీనర్ నెలకోసారి. మే నెలలో మూసిన బండిలో గిటార్ వదిలితే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది, మెడ వంగుతుంది. ఎండ తగిలిన తీగలు సాగి శృతి దిగుతాయి కాబట్టి స్టేజీ ఎక్కిన పది నిమిషాల తర్వాత ట్యూన్ చేసిందే ట్యూనింగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు, అది మరిచిపోయి ఆరుబయట ఒప్పుకుంటే టార్పాలిన్ రెండు, పవర్ డబ్బా పెట్టుకోవడానికి ఎత్తైన స్టూలు ఒకటి వెంట ఉండాలి.

పెద్ద స్పీకర్ల శబ్దం ఎదురు గోడకి తగిలి తిరిగొచ్చేసరికి ఆలస్యం అవుతుంది, 20 మీటర్ల అవతలి గోడైతే దాదాపు 114 మిల్లీసెకన్లు. దాన్ని వింటూ వాయిస్తే తాళం జారుతుంది. డ్రమ్మర్‌కి బేసు యాంప్ పక్కనే ఉండాలి, వినాల్సింది దాన్నే.

11వ వారం: గడియారం

41, 28, 21, 16. నిన్న 13 నిమిషాల 40 సెకన్లు. అందులో కరెంటు కొలతలకి రెండు, తివాచీ పరిచి డ్రమ్స్ నిలబెట్టడానికి ఐదు, కేబుళ్లకి మూడు, లైన్ చెక్‌కి మిగతాది. లైన్ చెక్‌లో పాట వాయించం. కిక్కు, స్నేర్, బేసు, గిటార్లు, గొంతులు, ఆ వరసలో ఒక్కొక్కటి పది సెకన్లు.

మిగిలిన పనులు: స్నేర్ కింది తీగల బిగింపు స్క్రూ జారుతోంది, మార్చాలి. కిక్కు పెడల్ స్ప్రింగ్ అదనంగా ఒకటి. 30 మీటర్ల వైరుకి చక్రం. రెండో గిటార్ యాంప్‌లో మూడో పాట తర్వాత మొదలయ్యే చిటపట ఇంకా దొరకలేదు. వేడెక్కాకే వస్తోంది కాబట్టి లోపల టంకం వదిలిన జాయింటు అనుకుంటున్నాం, ఆదివారం విప్పాలి.